గీతకి దూరంగా రెండు చుక్కలు

ముందుగా మీ దగ్గర ఒక సంగతి ఒప్పేసుకోవాలి. ఈ కథ చెబుతున్న నాకు దిష్టి మీద నమ్మకం లేదు. అయినా ఈమధ్య ఎవరి రొయ్యల చెరువు గట్టు ఎక్కాల్సి వచ్చినా చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మరీ ఎక్కుతున్నాను. చూసినవాళ్లు "చదువుకున్న పిల్లకి ఎంత భక్తో" అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. అది భక్తి కాదు, భయం. మంజుష దగ్గర్నుంచి అంటుకుంది.

మంజుషది భీమవరానికి అరగంట దూరంలో, వరిచేలు ఒక్కొక్కటే చెరువులైపోయిన ఊరు. అక్కడ కోడి కూతకన్నా ముందు, చెరువు నీళ్లని చిలికే ఏరియేటర్ల చప్పుడు లేస్తుంది. ఆ చప్పుడు మధ్యనే, పెంకుటింటి వసారాలో లాప్‌టాప్ పెట్టుకుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తుంది మంజుష. పనేంటని ఎవరైనా అడిగితే "చుక్కలు పెట్టి గీతలు గీస్తానండి" అంటుంది.

"ముగ్గులా?" అని అడిగినవాళ్లున్నారు.

"అలాంటిదేనండి. కాకపోతే చుక్కలు జనం పెట్టేస్తారు. గీత మాత్రం మనం గియ్యాలి."

ఆ ఊళ్లో ఏ చెరువులో రొయ్యపిల్ల వదలాలన్నా ముందు బంగారమ్మగారికి కబురు వెళ్లేది. బంగారమ్మ మంజుష తండ్రి శివరామరాజుకి పినతల్లి. మంజుషకి మామ్మ, అలా ఊరందరికీ మామ్మగారు. చిన్నవయసులోనే భర్త పోయాడు. పెళ్లిళ్లకీ, పేరంటాలకీ పిలవకపోతే బాగోదని పిలిచేవారు. ఆవిడా వెళ్లకపోతే బాగోదని వెళ్లేది. వెళ్లి, ఎవరికీ ఎదురుపడకుండా పెరటి దారిన వంటలవైపు నుంచి లోపలికి చేరి, అరటాకులు తుడుస్తూ కూర్చునేది.

అలాంటి మనిషికి రొయ్య మర్యాద తెచ్చింది. ఏనాడో ఒకసారి రొయ్యపిల్ల తెచ్చే సీడ్ వ్యాను బాగా ఎండెక్కాక వచ్చింది. మొదటి సంచీ విప్పడానికి ఇంట్లో ముత్తైదువలెవరూ లేరు. సంచుల్లో పిల్ల తెల్లబోతోంది. శివరామరాజు కంగారులో "పిన్నీ, నువ్వే వదిలెయ్యి" అనేశాడు. ఆ పంట ఊళ్లో ఎవరూ కళ్లచూడనంత బాగా వచ్చింది. పక్క చెరువాయన వచ్చి, ఆ చెరువు నీళ్లు ఒక చెంబుడు తెచ్చి తన చెరువులో పోసి, తన పిల్లనీ ఆవిడ చేత్తోనే వదలమన్నాడు. అదీ పండింది. ఇంకేముంది, ఆచారమైపోయింది. ఊళ్లో ఏ చెరువు కళకళలాడుతూంటే ఆ చెరువు నీళ్లు మామ్మగారి ఇత్తడి చెంబుతో తెచ్చి కొత్త చెరువులో పోయాలి. తర్వాత ఆవిడ చేత్తో మొదటి సంచీ విప్పాలి. మధ్యలో రొయ్య మేత తినడం మానేసినా, నీరసంగా గట్టువారకి వచ్చినా మళ్లీ మామ్మగారు, మళ్లీ చెంబు.

గట్టు మీద ఆవిడకి కుర్చీ వేసేవారు. కొబ్బరిబొండం కొట్టి ఇచ్చేవారు. పెళ్లి పందిట్లో ముందు వరసలో ఎన్నడూ కూర్చోని మనిషి చెరువు గట్టు మీద మహారాణిలా కూర్చునేది.

ఈ ఏడు తెల్లమచ్చ తెగులు వచ్చేవరకూ.

మొదట ఊరి చివర చెరువులో రొయ్య ఎర్రబడి గట్టుకి కొట్టుకొచ్చింది. తర్వాత దాని పక్కది కాదు, ఎక్కడో ఇవతలది. ఆ తర్వాత ఇంకెక్కడో. తెగులు గట్లు దాటి వచ్చే దారంటూ కనపడలేదు. పీతలు రాకుండా కంచెలున్నాయి, పిట్టలు వాలకుండా వలలున్నాయి. అయినా ఎవరో వేలు పెట్టి చూపించినట్టు ఒక్కో చెరువే పోతోంది. గాలి మళ్లినప్పుడల్లా ఊరంతా కుళ్లువాసన. రైతులు ఒకరి గట్టెక్కడం ఒకరు మానేశారు. టీ కొట్టు దగ్గర కూడా దూరందూరంగా నిలబడుతున్నారు.

శివరామరాజుకి పెదనాన్న కొడుకు పెద్దిరాజు రెండు చెరువులు పోగొట్టుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే వసారాలోకి వచ్చి కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఒక మాటంటాను, ఏమీ అనుకోకు. మామ్మగారి చెయ్యి తిరగబడింది."

శివరామరాజు పేపరు దించలేదు. "చెయ్యి తిరగబడ్డం ఏంట్రా?"

"పోయిన చెరువులన్నిట్లోనూ ఆవిడ చెయ్యి పడింది. ఎక్కువసార్లు వచ్చిన చెరువు ఎక్కువ పోయింది. ఎంతైనా... భర్త లేని మనిషి. మనమే నెత్తినెట్టుకున్నాం."

లాప్‌టాప్ వెనకనుంచి మంజుష తలెత్తింది. "మీ చెరువులు పండినన్నాళ్లూ ఆవిడకి భర్త ఉన్నాడేంటి బాబాయిగారూ?"

"నువ్వలాగే అంటావమ్మా. నువ్వు కంప్యూటరు మనిషివి."

"అవునండి. అందుకే మీ మాట అబద్ధమని కంప్యూటర్లోనే చూపిస్తాను. ఆగండి."

ఆ పౌరుషమే కొంప ముంచింది. రైతుల వాట్సాప్ గ్రూపులో అందరినీ అడిగి, ఫోన్లు చేసి వివరాలు పోగేసింది. అడ్డంగా మామ్మగారు గట్టెక్కిన సార్లు, నిలువుగా బతికిన రొయ్య శాతం. ఒక్కో చెరువూ ఒక్కో చుక్క. సంబంధం లేకపోతే చుక్కలు చెదిరిన మినపగింజల్లా తెరంతా పరుచుకోవాలి. మంజుష అదే అనుకుంది.

చుక్కలు పరుచుకోలేదు. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందకి, కాలవలోకి దిగే మెట్లలా వరసకట్టాయి.

గీత గియ్యమని మీట నొక్కింది. ఈ గీత ఏ చుక్క మీంచీ పోవాలని లేదు. చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా, అందరికీ కాస్త కాస్త అన్యాయం చేస్తూ మధ్యలోంచి పోతుంది. అలా పోయిన గీత బాగా కిందకి వాలింది. మామ్మగారు ఎంత ఎక్కువసార్లు వస్తే అంత చావు.

రెండంటే రెండు చుక్కలు గీతకి దూరంగా ఉన్నాయి. ఒకటి మామ్మ స్నేహితురాలు సత్యవాణిగారి చెరువు. అక్కడికి మామ్మ వెళ్లినన్నిసార్లు ఇంకెక్కడికీ వెళ్లలేదు, అయినా రొయ్య నిక్షేపంగా ఉంది. రెండోది దొరబాబు చెరువు. అక్కడికి మామ్మ అసలు వెళ్లలేదు, అయినా మొత్తం పోయింది. మిగతావన్నీ అంత బుద్ధిగా ఉంటే రెండు చుక్కల మాటెవరికి కావాలి? ఆఫీసులో అలవాటే కదా, రెండిటినీ తీసి పక్కన పడేసింది. గీత మరింత చక్కగా, మరింత నిక్కచ్చిగా కూర్చుంది.

కాఫీ కలుపుకుందామని లోపలికి వెళ్లి వచ్చేసరికి, అంతసేపూ వసారాలోనే ఉన్న పెద్దిరాజు తెర ముందు నిలబడి ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏం చేశారు బాబాయిగారూ?"

"ఏం లేదమ్మా. బాగా గీశావు."

మధ్యాహ్నానికి ఆ ఫొటో ప్రతి ఫోన్లోనూ ఉంది. కింద ఒకే మాట: "కంప్యూటరే చెప్పింది."

మర్నాడు బంగారమ్మ గుమ్మం ముందు ఎవరో బూడిదగుమ్మడికాయ పగలగొట్టి, కుంకం చల్లి పోయారు. ఆవిడ దాన్ని చూసి ఏమీ అనలేదు. చీపురు తెచ్చుకుని ఊడ్చింది. పాలవాడు ఆ వీధిలోకి రావడం మానేశాడు. ఆవిడ కాలవ గట్టున నడిచి వస్తూంటే చెరువుల కాపలావాళ్లు లేచి నిలబడేవారు. ఇదివరకూ లేచేవారు, మర్యాదకి. ఇప్పుడు చేతిలో కర్రతో లేస్తున్నారు.

"మామ్మా, ఇదంతా నా వల్లే" అంది మంజుష, ఆవిడ అరుగు మీద కూర్చుని.

"నీ బొమ్మ చూశానే. సత్యవాణి చూపించింది. చుక్కలు బాగున్నాయి." బంగారమ్మ చెంబు తోముతోంది, చింతపండు పెట్టి, బంగారంలా. "నాకొక్కటి చెప్పు అమ్మడూ. అది నిజమా?"

"కాదు మామ్మా."

"నీకు తెలుసా, అనుకుంటున్నావా?"

మంజుష ఆ ప్రశ్న పట్టించుకోలేదు. మామ్మని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాలి, అంతే. ఎలా అన్నదే ఆలోచించింది.

ఆదివారం సంఘం షెడ్డులో రైతులందర్నీ పిలిపించింది. మామ్మగారిని ఇక ఏ గట్టూ ఎక్కనివ్వకూడదని తీర్మానం చెయ్యడానికి వాళ్లూ ఎలాగూ వచ్చేవాళ్లే.

"ఒక్క ప్రశ్న అడుగుతాను, చెప్పండి" అంది మంజుష, లేచి నిలబడి. "డాక్టరుగారు ఎక్కువసార్లు వెళ్లిన ఇంట్లో జబ్బు ఎక్కువుంటుందా, లేదా?"

"ఉంటుంది" అన్నారెవరో.

"అయితే డాక్టరే జబ్బు తెచ్చాడా?"

వెనకనుంచి ఒకరిద్దరు నవ్వారు.

"మీ రొయ్య బాగున్నప్పుడు మామ్మని ఎన్నిసార్లు పిలిచారు? ఒక్కసారి, పిల్ల వదలడానికి. నీరసించాక? మళ్లీ మళ్లీ పిలిచారు. ఆవిడ వచ్చినందుకు రొయ్య చావలేదండి. రొయ్య చచ్చిపోతోందని ఆవిడ వచ్చింది. రెండు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని కన్నట్టు కాదు. గీత ఎటు వాలిందో చెబుతుంది, ఎవరు తోశారో చెప్పదు."

షెడ్డులో సన్నగా మాటలు మొదలయ్యాయి. తలలు ఊగాయి. పెద్దిరాజు మాత్రం ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూస్తున్నాడు.

"మరి దొరబాబు చెరువేదమ్మా ఇందులో? అక్కడికి ఆవిడ పోలేదు, అయినా పోయింది కదా?"

"చూశారా, మీరే అంటున్నారు, ఆవిడ వెళ్లకపోయినా పోయిందని! అయినా అలాంటివి ఒకటీ అరా ఉంటాయి బాబాయిగారూ. లెక్కలోకి రావు."

ఎంత ధీమాగా అందో. ఆ ధీమాకి చప్పట్లు కూడా పడ్డాయి.

శివరామరాజు లేచాడు. కూతురు గెలిచిందన్న గర్వం మొహంలో దాగడం లేదు. "శుక్రవారం మా చెరువులో పిల్ల వదులుతున్నాం. పిన్నిగారి చేత్తోనే. అందరూ రండి. ఊళ్లో బాగా ఉన్నది సత్యవాణిగారిదీ, వీధి చివర కొత్త చెరువూ. కొత్త చెరువు మనకి దగ్గర, దాని నీళ్లే తెద్దాం. ఇది పండిందా, ఇంకెవడూ ఆవిడ పేరెత్తకూడదు. పోయిందా..." ఆగాడు. "పోదులే."

ఇంకెక్కడా వెనక్కి తిరిగే దారి లేకుండా, మామ్మ పరువంతా ఒక్క చెరువు మీద పెట్టేశాడన్నమాట.

శుక్రవారం పొద్దున్న గట్టు మీద ఊరంతా ఉంది. మబ్బు పట్టింది. నీటి మీద గాలి లేదు. ఏరియేటర్లు ఆపేసరికి వచ్చిన నిశ్శబ్దం చెవులకి కొత్తగా ఉంది. కొత్త చెరువు అటు చివర మెరుస్తోంది గాని, దాని గట్టువారన ఏవో ఎర్రగా కదిలినట్టు మంజుషకి అనిపించింది. మబ్బు నీడ అనుకుంది.

బంగారమ్మ వచ్చింది, ఉతికిన తెల్లచీరలో, రెండు చేతుల్లో చెంబుతో. కుర్చీ వేశారు. కూర్చోలేదు.

మంజుష పక్కన సత్యవాణి నిలబడింది. గట్టెక్కిన దగ్గర్నుంచీ ఆవిడ గొణుగుడు ఆగలేదు. "ఈ హడావుడి చూడవే. మా చెరువుకి మీ మామ్మ రోజూ వస్తుంది. ఏనాడన్నా చెంబు తెచ్చిందా? కబుర్లకి వచ్చేదానికి చెంబెందుకు? నేనూ పొయ్యమనలేదు, ఆవిడా పొయ్యలేదు. చల్లగానే ఉంది కదా."

"చెంబు తేలేదా?" అంది మంజుష.

"తేలేదే. దొరబాబు చెరువుకేమో జ్వరమొచ్చి ఆవిడ పోలేదు, చెంబు పంపించింది. అదేమో పోయింది. ఏవిటో."

తీసి పారేసిన రెండు చుక్కలూ మంజుష కళ్లముందుకి వచ్చాయి. ఒక చోట మనిషి వెళ్లింది, చెంబు వెళ్లలేదు, రొయ్య బతికింది. ఒక చోట చెంబు వెళ్లింది, మనిషి వెళ్లలేదు, రొయ్య చచ్చింది. అడ్డంగా రాయాల్సింది మామ్మ పేరు కాదు. చెంబు. అలా రాస్తే ఆ రెండు చుక్కలూ నడిచి వచ్చి గీత మీద కూర్చుంటాయి. తెగులు పైకి కనపడకముందే నీళ్లలో ఉంటుంది. కళకళలాడే చెరువునుంచి ఊరు దాన్ని ఇత్తడి చెంబుతో, పసుపు రాసి మరీ, చెరువు చెరువుకీ మోస్తోంది.

పెద్దిరాజు చెప్పింది తప్పు. షెడ్డులో తను చెప్పిందీ తప్పే. గీత నిజమే చెప్పింది. అడగాల్సింది అడగలేదంతే.

బంగారమ్మ నీళ్ల అంచున వంగింది. చెంబు వాలుతోంది.

ఆపమని అరిస్తే ఊరంతటికీ ఏం వినపడుతుంది? మామ్మని ఆపమన్నట్టే. అరవకపోతే చెరువు పోతుంది, చెరువుతోపాటు మామ్మా పోతుంది. ఆలోచన పూర్తికాకముందే మంజుష పరిగెత్తింది. భుజం తగిలింది. చెంబు గట్టు మీద పడి, ఖంగున మోగి, దొర్లింది. నీళ్లు సన్నటి పాయగా, ఏటవాలుగా, తిన్నగా చెరువువైపు దిగసాగాయి. మంజుష మోకాళ్ల మీద పడి చేతుల్తో మట్టి తోడి అడ్డం వేసింది. చున్నీ తీసి నీళ్ల మీద పరిచింది. పాయ జానెడు దూరంలో ఆగింది. ఆగిందనే ఆమె నమ్మకం.

"చెయ్యి జారింది! చూశారా?" పెద్దిరాజు గొంతు.

"నేనే తోశాను బాబాయిగారూ! తెగులు ఆవిడ చేతిలో లేదు, ఆ నీళ్లలో ఉంది!"

"ఎకరాల చెరువుకి చెంబుడు నీళ్లేం చేస్తాయమ్మా?"

"మంచి చేస్తాయని పోసినప్పుడు కూడా చెంబుడే కదండీ!"

కానీ వెనకవరసలవాళ్లకి ఆ మాట వినపడలేదు. వినపడింది చెంబు చప్పుడే.

బంగారమ్మ వంగి మంజుష చెవి దగ్గర అడిగింది. "నీళ్లలోనా, అమ్మడూ?"

మంజుష తలూపింది.

ఆవిడ మొహంలో ఎన్ని చెరువులు కదిలాయో. తర్వాత సీడ్ సంచీ తీసి మంజుష మట్టిచేతుల్లో పెట్టింది. "నువ్వు వదులు. నా చెయ్యి వద్దు. ఇవాళ నేను ముట్టుకుని ఈ చెరువు పోతే, తప్పు నా చేతిది కాదని నువ్వే ఊరందరికీ చెప్పుకోవాలి." గట్టు దిగి, జనం విడిచిన దారిన కాక, కాలవ పక్కన ముళ్లదారిన వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా కొత్త చెరువు పోయింది. శివరామరాజు చెరువు పండింది.

ఆ తర్వాత పిల్ల వదిలిన చెరువులన్నీ పండాయి. మామ్మగారిని ఎవరూ పిలవలేదు గనక చెంబూ వెళ్లలేదు. మంజుష సంఘంలో చెప్పింది, గ్రూపులో రాసింది, చెంబు పేరుతో కొత్త బొమ్మ గీసి పెట్టింది. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. పెద్దిరాజు పెట్టిన బొమ్మ మాత్రం ఊళ్లు దాటింది. అతను ఫోన్లోనే గియ్యడం నేర్చుకున్నాడు. అడ్డంగా మామ్మగారు, నిలువుగా రొయ్య. ఆవిడ రాని కొత్త చెరువులన్నీ ఎడమ చివర, పైన గుంపుగా. గీత ఇదివరకటికన్నా గట్టిగా కుదిరింది. తప్పు పట్టడానికి మంజుషకి అందులో అంకె ఒక్కటీ దొరకలేదు.

మొన్న పొద్దున్న పెద్దిరాజు పళ్లెంలో తమలపాకులు, అరటిపళ్లు, కుంకం పట్టుకుని వసారాలోకి వచ్చాడు.

"అమ్మా మంజూ, రేపు మా చెరువులో పిల్ల వదులుతున్నాం. నువ్వు రావాలి."

"నేనెందుకండీ?"

"నీ చెయ్యి పడ్డాకే కదమ్మా ఊరు బాగుపడింది. ఆ రోజు నీ చేత్తో మొదటి సంచీ విప్పావు చూడు, అక్కణ్ణుంచే మారింది. మీ చెరువు నీళ్లు ఓ చెంబుడు, నీ చేత్తో. చెంబు మీ ఇంట్లోనే ఉంది కదా?"

చెంబు గూట్లో ఉంది. సొట్ట పడింది గాని మెరుపు తగ్గలేదు.

మంజుష తిన్నగా మామ్మ ఇంటికి వెళ్లింది. బంగారమ్మ అంతా విని, గచ్చు మీద తెల్లమచ్చలా మిగిలిన గుమ్మడిగింజ ఒకటి గోటితో గీకుతూ అంది. "వెళ్లు. నువ్వు వెళ్లకపోతే ఇంకెవర్నో తీసుకెళ్తారు, చెంబుతో సహా. నువ్వైతే నీళ్లు మరగబెట్టి పట్టుకెళ్తావు."

"నేను వెళ్లిన చెరువులు పండినకొద్దీ మీ మీద గీత గట్టిపడుతుంది మామ్మా."

"పడనీ. ఊళ్లో రొయ్య బతుకుతుంది కదా. నాకు వంటలవైపు నుంచి వెళ్లడం అలవాటే."

మర్నాడు మంజుష గట్టెక్కింది, మరగబెట్టి చల్లార్చిన నీళ్ల చెంబుతో. కుర్చీ వేశారు. కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. పెద్దిరాజు ఫోన్లో కొత్త బొమ్మ మొదలుపెట్టాడు. అడ్డంగా పేరు రాసి, శివరామరాజు చెరువుకి చుక్క పెట్టి, ఆమెకి చూపించాడు. పేరు మంజుషది. ఇప్పటికి ఒకే చుక్క, పైన, ఒంటరిగా. ఒక చుక్క మీంచి గీత ఎటైనా పోవచ్చని ఆమెకి తెలుసు. పక్క చెరువు అటు చివర, గట్టువారన, నీళ్లలో ఏదో ఎర్రగా కదిలింది. ఆమె అటు చూడలేదు.

మీ ఊళ్లో ఇలాంటి గీత ఎవరి మీంచైనా పోయిందా? ఎవరైనా చెయ్యి మంచిదని పిలిపించుకుని, తర్వాత వీధిలోకే రాకుండా చేశారా? గీతకి దూరంగా ఉన్న ఆ ఒక్క చుక్క సంగతి మీకు తెలిసి ఉంటే నాకు రాయండి. పేర్లు మార్చే రాయండి. చుక్కని మాత్రం తీసెయ్యకండి.